కంఠమునకు త్రోవ

తిరుమల యాలయమునందు బంగారువాకిలికి ఎదురుగా నున్న తిరుమామణి మండపమును, మాధవదాసని నామాంతరము గల చంద్రగిరి వాసి మల్లన 1417లో కట్టించెను. తెల్లవారుటకు ఇంకను చాల ప్రొద్దుండగనే, సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడువ అర్చకులు లోనికేగిన పిదప, ఈ మండపముననే వేదపారాయణదారులు ప్రతివాది భయంకరము అణ్ణన్ 15వ శతాబ్దిలో రచించిన సుప్రభాతమును గుంపుగా పఠింతురు. అదే వేళ తాళ్లపాకవారి వంశీయుడొకడు తంబుర మీటుచు అన్నమాచార్యుల మేలుకొలుపు పాడును. ఒకటి సంస్కృతము, ఒకటి తెనుగు. ఒకటి పెక్కు గొంతుల పఠనము, ఒకటి ఒంటి గొంతు గానము. రాతి గోడల నడుమ ఈ రెండును ఒకదాని నొకటి మ్రింగివేయక నిలుచుటకు కారణము కలదు. పఠనము కొలది స్వరములనే యంటిపెట్టుకొని నిలుకడగా సాగును. సంకీర్తనము స్వరసోపానములపై ఎక్కుచు దిగుచు, ఆ నిలుకడకు పైనను ప్రక్కనను తన చోటు తాను వెదకుకొనును. ధ్వనికి ధ్వని త్రోవ యిచ్చు ఈ మర్యాద తిరుపతి, చిత్తూరు సీమలో ఎట్లు పెరిగినదో, ఎచ్చట చెడినదో, నేడు శబ్దశాలలలోని యంత్రములు దానిని ఎట్లు నేర్చుకొనుచున్నవో చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఒక ధ్వని మరొక ధ్వనిని కప్పివేయుట యనునది కేవలము బిగ్గరతనము వలన గలుగునది కాదు. చెవి లోపలి నత్తగుల్లయందలి సన్నని పొర, పౌనఃపున్యమును బట్టి ఒక్కొక్క చోట ఒక్కొక్క ధ్వనికి కదలును. రెండు ధ్వనులు దగ్గరి పౌనఃపున్యములవైనచో అవి రెండును ఆ పొరపై ఇంచుమించు ఒకే తావునకై పోరాడును. బలము గలది నిలుచును, బలము లేనిది ఉండియు వినబడదు. మంద్రధ్వనులు తారధ్వనులను కప్పినంత సులువుగా తారధ్వనులు మంద్రమును కప్పజాలవని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ మేయర్ 1876లోనే గుర్తించెను. టెలిఫోను మాటలు స్పష్టముగా వినబడవలెనన్న వ్యాపారావసరము వలన ఈ విచారము బెల్ సంస్థవారి చేతికి వచ్చినది. అచ్చట వెగెల్, లేన్ అనువారు 1924లో దీనిని కొలతలతో ప్రకటించిరి. హార్వీ ఫ్లెచర్ 1940లో చెవి ధ్వనులను పట్టీలు పట్టీలుగా విడదీసి వినునని నిరూపించెను. ఒకే పట్టీలో పడిన రెండు ధ్వనులలో బలహీనమైనది తరచు ఓడును. ఈ కొలతలు మనవారికి తెలియవు. కాని వాని ఫలమును చెవితో ఎఱిగి, దాని ననుసరించి ఆచారములను కట్టుకొనిరి.

చంద్రగిరివారు చెప్పుకొను కథ యొకటి కలదు. తిరుమలలో స్వామికి నైవేద్యమైన పిమ్మట గాని చంద్రగిరి ప్రభువు భోజనమునకు కూర్చుండెడివాడు కాడట; కొండపై మ్రోగిన గంటను విని దారిలోని మండపమువారు తమ గంటను మ్రోగింప, దానిని విని తరువాతివారు మ్రోగింప, ఆ వార్త అట్లు కోటకు చేరెడిదట. కథలోని చరిత్రాంశ మెంతయైనను, అందలి ధ్వనిజ్ఞానము సత్యము. నిశ్శబ్దమైన శేషాచలపు లోయలో గంటతో పోటీపడు ధ్వని లేదు. అడవి గాలి గంట పట్టీలో నిలిచి అడ్డు చెప్పదు. తిరుమలలో నేటికిని నైవేద్యములను మొదటి గంట, రెండవ గంట అని గంట పేరనే పిలుతురు. అదే గంటను నేడు బస్సుల హారనుల నడుమ మ్రోగించినచో కొండ దిగువ మొదటి మండపమువానికి కూడ వినబడునని నేను నమ్మను.

కప్పివేయుటనే పనిగా పెట్టుకొన్న ఆచారము ఒకటి ఈ సీమ పెండ్లిండ్లలో కలదు; నా దృష్టిలో ఈ చరిత్రమంతటికి అదియే గుండెకాయ. మాంగల్యధారణ సమయమున పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక వేయును. అంతవరకు ఏదో కీర్తనమును మెల్లగా నడపుచున్న నాదస్వరము ఒక్కసారిగా తారస్థాయి నందుకొనును. డోలు ఒక వైపు కర్రతో, మరియొక వైపు తొడుగులు తొడిగిన వ్రేళ్లతో దబదబ మ్రోగును. తుమ్ము గాని, ఏడుపు గాని, అశుభమైన మాట గాని ఆ క్షణమున ఎవరి చెవిని పడకూడదని పెద్దలు ఈ ఏర్పాటు చేసిరి. మూడు ముళ్లు పడినంతనే పురోహితుడు మరల చేయి చూపును, మేళము అణగును, మంత్రము వినబడును. ఈ వ్యవహారమును కొంచెము నిదానించి చూడుడు. ఇచ్చట ఒక ధ్వని పెరుగుటయు తగ్గుటయు దాని సొంత బలమును బట్టి కాదు. వేరొకని మాటను, వేరొకని చేతిని బట్టి. మేళగాడు తన వాద్యమును తాను వినుచు వాయించుట లేదు. అతని చూపంతయు పురోహితుని చేతిపై నున్నది. శబ్దశాలలవారు నేడు సైడ్‌చైన్ అని పిలుచు ఉపాయమునకు మూలసూత్ర మింతే: ఒక ధ్వని ఎంత మ్రోగవలెనో నిర్ణయించు అధికారమును మరొక ధ్వనికిచ్చుట. ఎంత త్వరగా లేవవలెను, ఎంత త్వరగా అణగవలెను అనునది అందలి రెండవ విషయము. అదియు మేళగానికి తెలియును. చేయి దిగిన తరువాత ఒక్క ఆవర్తము అదనముగా వాయించిన డోలువానిని పెండ్లిపెద్దలు మరువరు. తిరుపతిలో దేవస్థానమువారి నాదస్వర, డోలు పాఠశాలలో నేర్చిన యువకులు కూడ వాద్యముతో పాటు ఈ కనుసన్నను అభ్యసింపక తప్పదు.

ఇక కచేరి సంగతి. పుంగనూరులో 1898లో జన్మించిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళె, కాంచీపురము నాయన పిళ్ళె శిష్యుడు. 1954లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును పొందెను. గురువైన నాయన పిళ్ళె కచేరి వేదిక వాద్యములతో నిండిపోయెడిదని ప్రసిద్ధి: వయొలినుకు తోడు మృదంగము, కంజీర, ఘటము, మోర్సింగు, డోలకి, కొనగోలు మొదలగునవన్నియు ఒకేసారి చుట్టును కూర్చుండెడివి. అట్టి పెద్ద పరివారములో, మైకు వాడుకకు రాని ఆ దినములలో, ఒక్క గొంతు ఎట్లు మునిగిపోకుండెను? దానికి సమాధానము పక్కవాద్యముల మర్యాదలో నున్నది. ఉపపక్కవాద్యములు ఎల్లవేళల వాయింపవు. పల్లవికి ఒకటి చేరును, చరణమునకు మరియొకటి. అన్నియు కలిసి విజృంభించుట తని ఆవర్తనమున, అప్పుడు గాయకుడు తాళము వేయుచు మౌనముగా నుండును. వయొలిను విద్వాంసుడు గాయకుని సాహిత్యము నడచుచున్నంతసేపు కమానును తేలికచేసి, గాయకుడు ఊపిరి పీల్చుకొను సందున మాత్రము నిండు నాదమును విడుచును. ఆలాపనలో తన వంతు వచ్చినపుడు అతడే రాజు. శాశ్వతముగా గొంతు తగ్గించుకొన్న వయొలినుకు ఆ రాజ్యము దొరకదు. కావలసిన క్షణమున మాత్రము ఒదిగి, మిగిలిన వేళ నిండుగా నుండుటలోనే ఈ విద్య సారమంతయు నున్నది.

మృదంగము విషయము వేరు. చర్మవాద్యములలో సాధారణముగా స్వరసంబంధము లేని ధ్వనులు పుట్టి గందరగోళమగును. మన మృదంగమున మాత్రము నడుమ పూసిన కరణి వలన స్వరానుకూలమైన ధ్వనులు పుట్టునని సి. వి. రామన్, శివకాళీకుమారునితో కలిసి 1920లో నేచర్ పత్రికలో వ్రాసెను. గాయకుని షడ్జమునకే మృదంగమును శ్రుతిచేయుటచే దాని నాదము గొంతుతో పోరాడక, తంబురతో పొత్తుగూడి గొంతునకు పీటయగును. ఎడమవైపు తొప్పి మంద్రమున గొంతునకు దిగువనే యుండిపోవును. వాద్యమును చేయుటలోనే త్రోవ విడిచిన పని యిది.

ఈ మర్యాద చెడిన చోటు చెప్పవలెనన్న చిత్తూరు జిల్లాలోని భారతము మిట్టలకు పోవలెను. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుడులయొద్ద 18 దినములు జరుగు భారతమహోత్సవములలో పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు తపస్సు మ్రాను నెక్కుట, నేలపై పెద్ద మట్టిబొమ్మగా పడియున్న దుర్యోధనుని వధ, కడపట అగ్నిగుండ ప్రవేశము. వీథినాటకపు పాత్రధారి వేలమంది జనులు కూర్చున్న మైదానమున మద్దెల, తాళముల మీదుగా తన పద్యము కడపటి వరుసకు చేరుటకై ఎంతయో పై శ్రుతిలో పాడెడివాడు. వంతవారు ఆ పద్యాంతమును అందుకొని మరల చెప్పెడివారు. వంతకు ఇదియే ప్రయోజనము: మొదటిసారి కప్పబడిన మాట రెండవసారి వినబడును. చిత్తూరు రామవిలాస సభవంటి నాటక సమాజములలో, చిత్తూరు నాగయ్య నటుడుగా రూపొందిన ఆ రంగస్థలములపై, హార్మోనియము ప్రవేశించినది. దాని రీడుల నాదము పద్యము పాడు గొంతు నిలుచు పట్టీలోనే నిలుచును. అయినను మంచి హార్మోనిస్టు పద్యపాదము ముగిసిన తరువాతనే బెల్లోసును నిండుగా నొక్కెడివాడు.

పిమ్మట ఇనుప బాకా లౌడుస్పీకరు వచ్చినది. అది మంద్రమును దాదాపు పూర్తిగా వదలివేయును, అత్యున్నతమును పలుకలేదు. అన్ని ధ్వనులను నడిమి పట్టీలోనికి నెట్టివేయును. అంతవరకు ఒకదానికొకటి చోటిచ్చుచు నివసించిన గొంతు, హార్మోనియము, ముఖవీణ ఒకే గదిలో క్రుక్కబడినట్లయ్యెను. మైకు ముందు హార్మోనియము పెట్టుట, పాత్రధారి పూర్వాలవాటున కేకవేయుట, మద్దెల మునుపటి బలముతోనే మ్రోగుట, ఇవియన్నియు కలిసి తిక్కన కవిత్వమునుండి బ్రతుకు తెచ్చుకొన్న కథను ఒక హోరుగా మార్చినవి. రాత్రంతయు మేలుకొని కూర్చున్న ముసలివారికి రాయబారము వినబడక పోవుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. తిరుపతి గంగమ్మ జాతరలో పంబలు, డప్పులు ఆకాశము దద్దరిల్ల మ్రోగినపుడు నాకు ఆ బాధ లేదు. అచ్చట హోరే ఆరాధనము. మాట ప్రధానమైన చోట మాత్రము హోరు ద్రోహము.

అదే ఇనుప బాకాలనుండి 1963లో వెలువడిన ఒక రికార్డు మాత్రము ఊరూర స్పష్టముగా వినబడినది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి, రాధా విశ్వనాథన్ గ్రామఫోను కంపెనీవారికి పాడిన సుప్రభాతము అది. రెండు స్త్రీకంఠములు, సమీప శ్రుతి, ఒకే స్వరము. రెండింటికి పోటీ రావలసినదే గాని, ఉచ్చారణము అక్షరమక్షరమునకు కలిసినందున చెవి వానిని ఒక్క గొంతుగానే గ్రహించును. కంఠములతో పోటీపడు వాద్యముల సందడి అందు లేదు. బాకా ఎంత చెడ్డదైనను నడిమి పట్టీలో ఎదురుపడువారు లేని గొంతును చెఱుపలేకపోయినది. ఆ రికార్డు కీర్తికి భక్తియు గాత్రమును కారణములే. ఈ ఖాళీస్థలము మూడవ కారణమని నా దృఢాభిప్రాయము.

సంకీర్తనముల కథ దీనికి ప్రక్కనే నడచినది. తాళ్లపాకవారి రాగిరేకులపై సాహిత్యమును, రాగము పేరును కలవు గాని స్వరము లేదు. వాద్యముల ప్రసక్తి యంతకన్న లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు సాహిత్యమును పరిష్కరించిన పిదప, దేవస్థానము పిలుపున తిరుపతికి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పెక్కింటికి స్వరములు కూర్చి ప్రకటించిరి. మాట మునుగని బాణీలవి. సాహిత్యరసజ్ఞుడే సంగీతజ్ఞుడైన చోట ఆ మేలు కలుగును. 1978లో దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపింపగా గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగు గాయకుల గొంతులు కేసెట్ల ద్వారా ఇంటింటికి చేరినవి. కేసెట్ల యుగము జరుగుచుండగా కీబోర్డు వచ్చెను. ఒకే కీబోర్డు వీణ, వేణువు, వయొలినుల స్థానము నాక్రమించి, వాద్యకారుని ఊపిరిసందు తెలియని నిరంతర నాదమును గొంతు క్రింద పరచెను. 1997లో వచ్చిన అన్నమయ్య చిత్రమునకు కీరవాణి కూర్చిన సంగీతములో వాద్యబృందము పెద్దదైనను గొంతునకు చోటు విడిచిన పొందిక యున్నది. దానిని అనుకరించి వచ్చిన ఎన్నియో భక్తిగీతములలో బృందము మిగిలినది, పొందిక పోయినది.

యంత్రములు ఈ పొందికను నేర్చిన తీరు ఇట్లు. 1930లలో అమెరికా చలనచిత్ర శబ్దశాలలలో సంభాషణలోని సకారము చెవికి గ్రుచ్చుకొనుచుండగా, ఆ సకారమును విడిగా కనిపెట్టి, అది వచ్చిన క్షణమున మాత్రము ధ్వనిని తగ్గించు కంప్రెసరు మార్గమును కనుగొనిరి. సైడ్‌చైన్‌కు అది తొలిరూపము. రేడియోలో అనౌన్సరు మాట మొదలిడగనే పాట దానంతట అణగుటయు, రద్దీస్థలములలో ప్రకటన వచ్చినపుడు గోవిందనామము తగ్గుటయు ఆ సంతతివే. పౌనఃపున్యపు పట్టీలను కోరిన చోట, కోరినంత వెడల్పున ఎత్తుటకును దించుటకును పారామెట్రిక్ ఈక్వలైజరును జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఒక పత్రముగా ప్రకటించెను. ఈ రెండు శాఖలు కలిసిన సంతానము డైనమిక్ ఈక్యూ: పట్టీని శాశ్వతముగా కోయక, అవసరమైనపుడు మాత్రము దించునది. 1990లలో అది ఇనుపపెట్టెగా కచేరి వేదికల ప్రక్కకు, పిదప కంప్యూటరులోనికి వచ్చినది. ఐజోటోప్ వారి న్యూట్రాన్ అను మిక్సింగు సాధనము 2016లో ఏ రెండు ట్రాకులు ఏ పట్టీలో కొట్టుకొనుచున్నవో తెరపై చూపనారంభించెను. 2018లో వచ్చిన ఫాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 3లో ఒక ట్రాకు యొక్క పట్టీని మరొక ట్రాకు చేత నడిపించుట సులభమాయెను.

ఒక సంకీర్తన మిక్సింగును దగ్గర నుండి చూతము. గొంతు, వయొలిను, వీణ, మృదంగము, తంబుర ఉన్నవనుకొందము. పలుకులోని హల్లులు తేటగా వినబడు చోటు 2000 నుండి 4000 హెర్ట్జ్ వరకు. వయొలిను మెఱుగును అచ్చటనే. వయొలినులో ఆ పట్టీని ఈక్వలైజరుతో కోసివేసినచో చరణము నడుమ అది ఒంటిగా పలుకవలసిన వేళ చప్పబడిపోవును. కావున ఇంజనీరు వయొలిను ట్రాకుపై డైనమిక్ ఈక్యూ నుంచి, ఆ పట్టీకి గొంతు ట్రాకును సైడ్‌చైన్‌గా కలుపును: గొంతు పలికినపుడు రెండు మూడు డెసిబెళ్లు మాత్రము దిగును, గొంతు ఆగినంతనే లేచును. కమాను తేలికచేసిన చిత్తూరు, కాంచీపుర వేదికల విద్వాంసుని చేయి ఇదియే. మగ గొంతునకు వీణ మంద్రము అడ్డు వచ్చినచో 200 హెర్ట్జ్ ప్రాంతమున అదే ఉపాయము. మృదంగమును మాత్రము గొంతు చేత అణచరాదు. గొంతు వచ్చినపుడెల్ల తాళపుదెబ్బ క్రుంగినచో నడక తూలును. తంబురను మొత్తముగా అణచుట ఇంకను తప్పు: గుఱ్ఱముపై నూలుపోగు వలన పుట్టిన ఆ జీవనాదము పల్లవి పల్లవికి ఎగసి పడుచుండిన శ్రుతియే చలించినట్లు తోచును. తంబురలో ఇరుకైన ఒక్క పట్టీని ఒకటి రెండు డెసిబెళ్లు కదిపిన చాలును.

విద్వాంసుడు చేయగలిగి యంత్రము చేయలేని పని ఒకటి కలదు. గాయకుడు నోరు తెరువక మునుపే వయొలిను విద్వాంసుడు ఒదుగును, ఏలననగా అతనికి కీర్తన తెలియును. యంత్రము గొంతు వచ్చిన తరువాతనే మేల్కొనును. లుక్‌అహెడ్ అను ఏర్పాటుచే కొన్ని మిల్లీసెకండ్లు ముందు చూచునుగాని రాబోవు సంగతిని ఎఱుగదు. అందుచేత లేచుటకు, దిగుటకు పట్టు కాలమును మనుష్యుడే కూర్పవలెను, దానిని కీర్తన కాలప్రమాణమును బట్టియే కూర్పవలెను. క్షణమునకొక అక్షరము చొప్పున నడచు విలంబ కీర్తనలో అక్షరమునకు నాలుగు స్వరములైన ఒక్కొక్క స్వరమునకు 250 మిల్లీసెకండ్లు. వయొలిను మరల నిండుగా లేచుటకు అంతకన్న ఎక్కువ కాలము పట్టినచో గాయకుని ఊపిరిసందులో అది ఇచ్చు జవాబు మొదటి స్వరము పోవును. మరీ తక్కువైనచో హల్లు హల్లునకు వాద్యము దడదడలాడును. ద్రుతములో ఆ లెక్క సగమగును. తాళము వేయుట వచ్చిన ఇంజనీరు తొడపై చేయి వేసి ఈ సంఖ్యను కనుగొనును. తాళము రానివాడు తెర చూచి కూర్చును, మరునాడు మరల మార్చును.